పసుపు జెండా మీద రొట్టె



పోయిన సెప్టెంబర్ 17 నాడు పొద్దుగాల మన ఇచ్చోడ బస్టాండ్ కాడ చాయ్ తాగుతుంటే ఇద్దరు పోరగాండ్లు ఫోన్ పట్టుకొని కొట్లాడుతున్నరు. ఫోన్ల ఒక జెండా బొమ్మ. పసుపు బట్ట, నడుమ తెల్లటి గుండ్రటి బిళ్ల, చుట్టూ ఏవో అక్షరాలు. ఒకడు అది చందమామ అంటడు, ఇంకొకడు కాదు సూర్యుడు అంటడు. పక్క బెంచీ మీద కూసున్న ముసలాయన చాయ్ కప్పు కింద పెట్టి, "చంద్రుడు గాదు, సూర్యుడు గాదు బిడ్డా. గది రొట్టె" అన్నడు. పోరగాండ్లు నవ్విండ్రు. ఆయన నవ్వలే.

ఆ ముసలాయన చెప్పింది నిజమే. అందుకే ఈ పోస్టు రాస్తున్న. జరంత పొడుగైతది. సోయా కోతలకు ఇంకా టైం ఉన్నది కాబట్టి నిమ్మళంగ చదువుండ్రి.

ఆ జెండా పేరు ఆసఫియా జెండా. హైదరాబాద్ సంస్థానం జెండా అన్నట్టు. మన ఆదిలాబాద్ జిల్లా 1948 దాకా ఆ జెండా కిందనే ఉన్నది. నడుమ ఉన్న తెల్ల బిళ్లను కుల్చా అంటరు. కుల్చా అంటే హైదరాబాదోళ్లు కాల్చుకునే ఒక తీరు మైదా రొట్టె. జెండా మీద సింహాన్ని పెట్టుకున్న రాజులు ఉన్నరు, కత్తిని పెట్టుకున్నోళ్లు ఉన్నరు. రొట్టెను పెట్టుకున్నోళ్లు మాత్రం శానా తక్కువ.

దాని వెనుక ఒక కథ చెప్తరు. నిజాం వంశానికి మూలపురుషుడు మీర్ ఖమరుద్దీన్. ఈయననే మొదటి ఆసఫ్ జా అంటరు. ఒకనాడు ఆకలితోని ఒక సూఫీ సాధువు కాడికి పోయిండట. ఆ సాధువు పేరు హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ. ఆయన పసుపు బట్టల కట్టిపెట్టిన కుల్చాలు ముందట పెట్టి తినమన్నడు. ఖమరుద్దీన్ ఏడు తిన్నడు, ఇంక చాలన్నడు. "నీ వంశపోళ్లు ఏడు తరాలు ఏలుతరు పో" అని సాధువు దీవించిండట. ఆ రొట్టె జెండా నడుమకు వచ్చింది, ఆ మూట బట్ట రంగు జెండా రంగు అయింది.

ఇది కథ. ఇక లెక్క చూద్దాం. 1724లో బుల్దానా దిక్కు శకర్ ఖేడా కాడ జరిగిన యుద్ధంల గెలిచి ఖమరుద్దీన్ దక్కన్‌కు యజమాని అయిండు. అప్పటిసంది 1948 దాకా 224 ఏండ్లు ఆ వంశం ఏలింది. ఆసఫ్ జా అనే బిరుదు నంబర్లు లెక్కపెడితే సరిగ్గ ఏడుగురు వస్తరు. చివరాయన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఏడో ఆసఫ్ జా. కథ నిజమైనట్టే అనిపిస్తది. కానీ మొదటాయన 1748ల చనిపోయినంక, రెండో ఆసఫ్ జా 1762ల గద్దె ఎక్కేదాకా నడుమ ఇంకో ముగ్గురు ఏలిండ్రు. నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్. వాళ్లకు ఆసఫ్ జా నంబరు లేదు. మనుషులను లెక్కపెడితే పదిమంది, బిరుదులను లెక్కపెడితే ఏడుగురు. రొట్టెల లెక్క కుదరాలంటే బిరుదులనే లెక్కపెట్టాలె.

ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు జెండా మీద అక్షరాలు కూడా ఉన్నయి. పైన "అల్ అజ్మతుల్లిల్లాహ్" అని, అంటే గొప్పతనమంతా దేవునిదే అని అర్థం. కింద "యా ఉస్మాన్" అని. నడుమ "నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా" అని. దేవుని పేరు, రాజు పేరు, వంశం పేరు, రొట్టె. ఒక బట్ట మీద ఇన్ని.

మా తాత ఈ జెండాను కండ్లార చూసిండు. అప్పుడు ఆయనకు పది పన్నెండేండ్లు ఉంటయి. వాళ్ల నాయినతోని బోథ్ తహసీల్ కచేరీకి పోయినప్పుడు కట్టె మీద పసుపు బట్ట ఎగురుతుంటే, "బోనాల బట్ట లెక్క ఉన్నదేందే" అని అడిగిండట. వాళ్ల నాయిన నోరు మూసిండట. మనకు పసుపు అంటే ఇంటి గడప, పెండ్లి బట్ట, దేవుని గుడి. రాజుకు పసుపు అంటే సాధువు మూట. రంగు ఒకటే, చూసేటోని కండ్లను బట్టి అర్థం మారుతది. ఆ అక్షరాలు చదువుడు మా తాతకు రాలే. అది రొట్టె అని కూడా ఆయనకు ముసలితనంలనే తెలిసింది. అప్పుడు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ యాదికున్నది. "రొట్టె జెండా మీద పెట్టుకున్నరు గానీ, జొన్నలు మా గుమ్మిలకెళ్లి తీసుకపోయిండ్రు."

అది ఉత్త కోపంతోని అన్న మాట కాదు. రెండో ప్రపంచ యుద్ధం టైంల సంస్థానమంతా లెవీ పెట్టిండ్రు. ఎకరానికింత అని రైతు ధాన్యం సర్కారుకు కొలువాలె. పంట పండినా ఎండినా కొలువాలె. పెద్ద పెద్ద దొరల గరిసెలు తప్పించుకున్నయి, చిన్న రైతు గుమ్మి ఖాళీ అయింది. తెలంగాణల రైతులు సంఘం దిక్కు మళ్లుటానికి వెట్టి ఎంత కారణమో లెవీ కూడా అంతే కారణం.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్త. ఇది మన పత్తి రైతులకు మస్తు దగ్గరిది. మన జిల్లా దాటి పెన్‌గంగ అవతలికి పోతే యవత్మాల్ జిల్లా. పాండర్‌కవడకు మనం సంతలకు, సుట్టాల ఇండ్లకు పోతనే ఉంటం. ఆ యవత్మాల్, అమరావతి, అకోలా, బుల్దానా అన్నీ కలిపి బేరారు అంటరు. నల్ల రేగడి, దేశానికే పేరున్న పత్తి భూములు. అది కూడా నిజాందే. కానీ సైన్యం ఖర్చుల బాకీ పేరు చెప్పి 1853ల ఇంగ్లీషోళ్లు దాన్ని తమ చేతిలకు తీసుకున్నరు. 1902ల కర్జన్ వచ్చి ఏడాదికి 25 లక్షల రూపాయలు ఇస్తం అని, దాన్ని శాశ్వతంగ కౌలుకు రాయించుకున్నడు. అంటే నిజాం అంతటోడు కూడా తన పత్తి భూమిని కౌలుకు ఇచ్చి, కౌలు పైసలు తీసుకునే పట్టాదారు లెక్క అయిండు. అది కూడా ఎప్పటికీ తిరిగిరాని కౌలు.

ఉస్మాన్ అలీ ఖాన్ బేరారు మాకు వాపస్ ఇయ్యుండ్రి అని ఏండ్లకేండ్లు అడిగిండు. ఇంగ్లీషోళ్లు ఇయ్యలే. 1936ల ఒక ఒప్పందం చేసిండ్రు. నిజాం పెద్ద కొడుకుకు "ప్రిన్స్ ఆఫ్ బేరార్" అని బిరుదు. బేరారుల ఇంగ్లీషోళ్ల జెండా పక్కన నిజాం పసుపు జెండా కూడా ఎగరొచ్చు అని హక్కు. అంతే. శిస్తు వాళ్లది, పోలీసు వాళ్లది, పత్తి రైలు బొంబాయికి పోయేది వాళ్ల చెప్పుచేతల్లనే. నిజాంకు దక్కింది కట్టె మీద బట్ట.

ఇది చదివినప్పుడు నాకు మస్తు ఆలోచన వచ్చింది. జెండా ఎవరిదో చూసి భూమి ఎవరిదో చెప్పలేం. బేరారుల జెండా నిజాందైనా భూమి మీద అధికారం ఇంగ్లీషోళ్లదే. మరి మన దిక్కు జెండా కూడా నిజాందే, అధికారం కూడా నిజాందే. కానీ భూమి దున్నినోని పరిస్థితి ఏంది?

మన గోండు అన్నల సంగతి చూడుండ్రి. ఈ అడవులల్ల నిజాం కంటే ముందు గోండు రాజులు ఏలిండ్రు. చాందా కోట దర్వాజల మీద ఏనుగును లొంగదీసిన సింహం బొమ్మ ఇప్పటికీ ఉన్నది. అది వాళ్ల రాజముద్ర. 1751ల చాందా నాగపూర్ భోంస్లేల చేతిలకు పోయింది. రాజముద్ర రాళ్ల మీదనే మిగిలింది. కానీ గూడెంల గోండులకు పెద్ద గుర్తు కోట మీద లేదు. వాళ్ల పెర్సాపేన్ దేవునికి ఇనుప బల్లెం మొన, చమరీ మృగం తోకతోని చేసిన చౌరు, ఇవే గుర్తులు. పండుగకు బయటకు తీసి పూజ చేసి మళ్ల దాచిపెడతరు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశపోళ్లు గోదావరి జలం మోసుకొస్తరు. ఆ పూజకు కుండలు మన పక్కన సిరికొండల కుమ్మరోళ్లు చేస్తరు. రాజ్యాలు మారినా, కచేరీ మీద జెండాలు మారినా ఆ కుండలు, ఆ నడక మారలే.

1860ల నిర్మల్‌ల రాంజీ గోండును, ఆయన మనుషులను ఉరి తీసిండ్రు. ఇంగ్లీషోళ్ల సైన్యం, నిజాం సర్కారు అప్పుడు ఒక్క దిక్కే ఉన్నయి. తర్వాత అడవికి హద్దు గీతలు గీసిండ్రు. గీత లోపల దున్నితే తప్పు, పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జుల్మానా. ఆ బాధలకే కుమ్రం భీం జోడేఘాట్ల లేచిండు. జల్, జంగల్, జమీన్ అన్నడు. 1940 ఆశ్వయుజ పౌర్ణమికి ఆయనను కాల్చి చంపిండ్రు. ఏటా ఆ పౌర్ణమి నాడే మనం వర్ధంతి చేస్తం. ఆయన అడిగిన మూడింటిల ఏ రంగు జెండా లేదు. నీళ్లు, అడవి, భూమి, అంతే.

భీం చనిపోయినంక నిజాం సర్కారుకు భయం పట్టింది. గోండులు ఎందుకు లేచిండ్రో తెలుసుకొమ్మని హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన భార్య మార్లవాయిల ఉండి తిరిగి చూసి, భూములు పోవుడే అసలు రోగం అని రాసిండ్రు. అటెన్క పట్టాలు ఇచ్చుడు మొదలైంది. ఫసలీ 1356ల గిరిజన ప్రాంతాల కోసం ఒక చట్టం కూడా వచ్చింది. ఫసలీ అంటే పంటల లెక్కన నడిచే సంవత్సరం. దానికి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తది. 1356కు 590 కలిపితే 1946. మనం ఇప్పుడు 1/70 అని చెప్పుకునే చట్టానికి వేర్లు ఈ దిక్కు కూడా ఉన్నయి. అంటే పసుపు జెండా దిగకముందే, భీం నెత్తురుతోని ఒక కాయితం పుట్టింది.

ఇగ 1947. జూన్ నెలల నిజాం తాను ఇండియాల కలువ, పాకిస్తాన్ల కలువ, స్వతంత్రంగ ఉంటనని ఫర్మానా ఇచ్చిండు. ఆగస్టు 7 నాడు స్టేట్ కాంగ్రెస్ "ఇండియాల కలువాలె" అని ఉద్యమం మొదలుపెట్టింది. ఆగస్టు 15 నాడు దేశమంతా మువ్వన్నెల జెండా ఎగిరింది. పెన్‌గంగ అవతల పాండర్‌కవడల ఎగిరింది. ఇవతల మన దిక్కు ఎగరేస్తే జైలు. ఒక వాగు అటు ఒక జెండా, ఇటు ఒక జెండా. వానకాలం అయితే ఆ వాగు దాటుడే కష్టం. శానామంది వార్ధా నది దాటి చాందాకు పోయి అక్కడి క్యాంపుల ఉండి కొట్లాడిండ్రు. తర్వాత దేశానికి ప్రధాని అయిన మన కరీంనగర్ దిక్కు పీవీ నరసింహారావు కూడా ఆ చాందా క్యాంపుల పనిచేసినోడే. అటు నల్లగొండ, వరంగల్ దిక్కు ఎర్ర జెండా కింద రైతులు దొరల భూములు పంచుకుంటున్నరు. రజాకార్లు ఊర్ల మీద పడి కొడుతున్నరు. ఒక్క సంస్థానంల మూడు జెండాలు.

ఇట్ల 399 రోజులు గడిచినయి. 1948 సెప్టెంబర్ 13 నాడు భారత సైన్యం నాలుగు దిక్కులకెళ్లి వచ్చింది. 17 నాడు నిజాం రేడియోల లొంగిపోతున్నట్టు చెప్పిండు. 18 నాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, జనరల్ జె.ఎన్.చౌదరి ముందట లొంగిపోయిండు. పసుపు జెండా దిగింది. కానీ నిజాం మాత్రం పోలే. 1950 నుంచి 1956 దాకా ఆయననే రాజ్‌ప్రముఖ్. జెండా మారింది, రాజు ఇంకో పేరుతోని అక్కడనే ఉన్నడు. 1956ల రాష్ట్రాలు కొత్తగ చేసినప్పుడు మన జిల్లాల ఉన్న రాజురా, కిన్వట్ మహారాష్ట్ర దిక్కు పోయినయి. అందుకే మనలో సగం మందికి సుట్టాలు అటున్నరు.

ఈ సెప్టెంబర్ 17ను ఏమని పిలువాలె అన్నదే ఇప్పటి లొల్లి. ఒకరు విమోచనం అంటరు, ఒకరు విలీనం అంటరు, ఒకరు విద్రోహం అంటరు. సర్కార్లు మారినప్పుడల్లా పేరు మారుతున్నది. సమైక్యతా దినం అన్నరు, ప్రజా పాలన దినోత్సవం అన్నరు. నేను ఈ లొల్లిల దిగ. మన లెక్కకు ఒక్క మాట అడుగుత. ఆ రోజు రైతు చేనుల ఏం మారింది?

ఆ ఒక్క రోజు ఏం మారలే. భూమి మారింది కాయితాలతోని. 1949ల జాగీర్లు రద్దు అయినయి. 1950ల కౌలుదారీ చట్టం వచ్చింది. మనోళ్లు 38-ఇ అని చెప్పుకునేది ఆ చట్టంలదే. 1954-55ల ఖాస్రా పహాణి రాసిండ్రు. ఇప్పటికీ ఏ భూమి పంచాయితీ అయినా పెద్ద వకీలు మొదలు అడిగేది దాన్నే. పసుపు జెండా ఐదు రోజులల్ల దిగింది గానీ, పట్వారి, గిర్దావర్, తహసీల్, జమాబందీ, సేత్వార్ అన్న మాటలు ఇంకా మన నోట్లనే ఉన్నయి. జెండా బట్ట చినిగిపోయినా దాని కింద రాసిన కాయితం బతుకుతది.

మా ఇంట్ల జరిగిందే చెప్త. కొన్నేండ్ల కింద కొత్త పాస్ బుక్కు వచ్చినప్పుడు మాకు 14 గుంటలు తక్కువ పడ్డయి. ఎక్కడ అడిగినా "రికార్డుల ఇట్లనే ఉన్నది" అన్నరు. రెండేండ్లు తిరిగిన. చెప్పులు అరిగినయి. ఆఖరికి మా తాత రేకు పెట్టె అడుగున ఉర్దూల రాసిన ఒక కాయితం దొరికింది. పసుపు రంగు తిరిగింది, అంచులు చెదలు తిన్నయి. ఉర్దూ వచ్చిన ఒక పెద్దాయన కాడికి తీసుకపోతే కండ్లద్దాలు పెట్టుకొని చదివి, సర్వే నంబరు, విస్తీర్ణం, ఫసలీ సంవత్సరం అన్నీ చెప్పిండు. దాన్ని పట్టుకొని ఖాస్రా పహాణి నకలు తీయిస్తే మా 14 గుంటలు అండ్ల ఉన్నయి. అప్పుడు గానీ సరిచేయలే. తాత చదవలేని అక్షరాలే తాత భూమిని కాపాడినయి. నాకు ఆ రోజు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

జెండా మీద రైతు గుర్తు ఎక్కడన్న ఉన్నదా అంటే ఉన్నది. జమ్మూ కశ్మీర్‌కు 1952ల ఒక జెండా పెట్టుకున్నరు. ఎర్ర బట్ట, మూడు ప్రాంతాలకు మూడు తెల్ల గీతలు, పక్కన తెల్లటి నాగలి. 2019 దాకా ఎగిరింది. ఆ నాగలి ఉత్తగనే పెట్టలే. అంతకు రెండేండ్ల ముందు 1950లనే అక్కడ పెద్ద జమీందార్ల భూములు తీసి దున్నేటోనికి ఇచ్చిండ్రు. ముందు భూమి, తర్వాత నాగలి బొమ్మ. ఇక్కడ మన దిక్కు ముందు రొట్టె బొమ్మ, తర్వాత లెవీ.

మన తెలంగాణ రాష్ట్రానికి సొంత జెండా లేదు, ముద్ర మాత్రం ఉన్నది. కాకతీయ తోరణం, నడుమ చార్మినార్, పైన నాలుగు సింహాలు. ఉన్న జెండా దేశం జెండానే. దానికి మూలం గీసినాయన పింగళి వెంకయ్య కూడా తెలుగాయననే. 1921ల బెజవాడల గాంధీకి చూపెట్టిండు. ఆ జెండాను మొదట చేతితో వడికిన ఖద్దరు బట్టతోనే కుట్టాలె అని నియమం ఉండేది. అండ్ల మనం పండించే పత్తి కూడా ఉండేది. 2021 ఆఖర్ల నియమం మార్చి పాలిస్టర్‌తోని, మిషన్ మీద కూడా చేయొచ్చు అన్నరు. అప్పటిసంది ఆగస్టు నెలల మన సంతల అమ్మే జెండాలు చూడుండ్రి. ముట్టుకుంటే జారుతది. అండ్ల మన చేను లేదు.

నేను ఏ జెండా వద్దంటలే, ఏ జెండా కోసం కొట్లాడుమంటలే. పసుపు జెండా బొమ్మ ఫోన్ల పెట్టుకొని ఒకరినొకరు తిట్టుకునే పోరగాండ్లకు ఒక్కటే చెప్త. దాని నడుమ ఉన్నది రొట్టె. ఆ రొట్టెకు జొన్నలు ఎవరు పండించిండ్రో, ఎవరు తిన్నరో అడుగుండ్రి. ఇంటికాడ తాతలు, అవ్వలు ఇంకా ఉంటే ఇయ్యాలనే అడుగుండ్రి, రేపటికి ఉంటరో ఉండరో.

ఇంకో పని. మీ ఇండ్లల్ల పాత రేకు పెట్టెలు, మొగురాల సందులు, దేవుని గూళ్లు ఒకపారి వెతకుండ్రి. ఉర్దూల రాసిన కాయితం ఏది దొరికినా పారెయ్యకుండ్రి, మడతలు బలవంతంగ విప్పకుండ్రి. ముందు ఫోటో తీసి పెట్టుకోండ్రి. చదివే ఆ పెద్దాయన కాడికి నేను నెలకు ఒకపారి పోతుంట. ఎవరికన్న అవసరం ఉంటే ఆదివారం సంత నాడు బస్టాండ్ కాడ అదే చాయ్ హోటల్ల కలువుండ్రి, కలిసి పోదాం. కాయితం మాత్రం ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని తెండ్రి, ఎప్పుడు వాన వస్తదో తెల్వది.